మిగతా కథ వెండితెర మీద

ఒకప్పుడు సినిమాహాళ్ళ దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు. ముందు నటీనటుల పేర్లు, తర్వాత సగం దాకా కథ, ఆపైన ‘మిగతా కథ వెండితెర మీద చూడండి’ అని ఊరింపు, వెనక పాటలన్నీ. పాత ఫిల్ములో వెండి ఉండేది. ఆ వెండి కోసం ఎన్ని ప్రింట్లను కరిగించారో! మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడా ఇప్పుడు దొరకదు. బొమ్మ పోయిన చోట చాలాసార్లు ఈ పుస్తకమే మిగిలింది. అందుకే వీటిని దాచేవాళ్ళంటే నాకు గౌరవం.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి మానుకున్న ఒక పెద్దాయన దగ్గర ఇవి బీరువా నిండా ఉన్నాయి. పౌరాణికాలు, జానపదాలు ఆయనకక్కర్లేదు. ప్రేమకథలే కావాలి, అందులోనూ జనం మరిచిపోయినవి.

“‘దేవదాసు’ ఎవరి దగ్గరైనా ఉంటుందబ్బాయ్, ఇవి చూడు” అంటూ మన దొడ్డవరం ఆడపడుచు భానుమతివి రెండు తీశాడు. ‘ప్రేమ’ (1952), ‘బాటసారి’ (1961). ‘బాటసారి’లో ఆ చిన్నవయసు వితంతువు పైకి చెప్పుకోలేని ప్రేమ గురించి చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. ఏళ్ళ తరబడి టిక్కీలు లెక్కపెట్టిన చేతులు ఒక్కో పేజీని తమలపాకులా తిప్పాయి.

చివర్న ప్లాస్టిక్ కవర్లోంచి ‘మాలపిల్ల’ వచ్చింది. 1938 నాటిది. చలం కథ, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం. బ్రాహ్మణ యువకుడు మనసిచ్చిన పిల్లగా కాంచనమాల.

“ఆ రోజుల్లో ఎంత గుండె ఉండాలి, ఇట్లాంటిది తీయటానికి! ప్రేమకి కులమేందబ్బాయ్?” అని బల్ల చరిచాడు.

పుస్తకం నా చేతికిచ్చాడు. కుట్లు ఊడలేదు, ఒక్క అక్షరం చెదరలేదు. ఒక అంచున మాత్రం నీళ్ళ మరక లోపలి పేజీల దాకా దిగింది.

“ఎక్కడ సంపాదించారు బాబాయ్‌గారూ?”

“కొన్నది కాదు, మా మేనత్తది. నేను పుట్టకముందు సంగతిలే. పల్లెలో కుర్రాణ్ణి చేసుకుంటానంటే మా తాత ఊరుకుంటాడా? మర్నాడు బావి గట్టు మీద దొరికిందిది.”

ఆమె పేరేమిటని అడిగాను.

ఆయన మరకను వేలితో తడుముతున్నాడు. “ఆ రాత్రి వాన పడకుండా ఉంటే కొత్త పుస్తకంలా ఉండేదబ్బాయ్” అన్నాడు.