లాగిన్ కుకీ ఆత్మకథ

నేను లాగిన్ కుకీని. మీరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లగానే సర్వర్ నన్ను తయారుచేసి మీ బ్రౌజర్‌కు అప్పగిస్తుంది. చూడటానికి పొడవాటి అక్షరాలు, అంకెల వరుసను, అంతే. మొదటి పేజీ అడిగినవాళ్లే రెండో పేజీ అడుగుతున్నారని వెబ్‌కు దానంతటదిగా తెలియదు. ఆ మతిమరుపుకు విరుగుడుగా 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లి మా వంశాన్ని పుట్టించాడు. ఆన్‌లైన్ అంగట్లో ఏరుకున్న సరుకులు బుట్టలో నిలవాలన్నది అప్పటి అవసరం. ఆ పని చక్కగా చేశామన్న గర్వం నాకుంది.

తర్వాత మాకు మనుషుల్ని గుర్తుపట్టే పని కూడా వచ్చింది, చిక్కు అక్కడే మొదలైంది. నన్ను చూపించినవాళ్లే మీరని సర్వర్ నమ్ముతుంది. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. నన్ను దొంగిలించినవాడికీ నా గడువు తీరేదాకా అదే నమ్మకం దక్కుతుంది. 2010లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాంతో దీన్ని బట్టబయలు చేశాడు: తాళం లేని వైఫైలో ఉన్న ఇతరుల ఖాతాల్లోకి డబుల్ క్లిక్‌తో వెళ్లిపోవచ్చని. సైట్లు ఎన్‌క్రిప్షన్‌కు మారాక దారి దోపిడీ తగ్గింది కానీ, ఇప్పుడు మాల్‌వేర్ మమ్మల్ని కంప్యూటర్‌లోంచే ఎత్తుకుపోతోంది. ఓటీపీ కాపలా లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. నేను ఆ గడప దాటాక పుట్టినదాన్ని.

నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం దొంగతనం కాదు, వదిలేయడం. నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపినవాళ్లు, ఇంటిల్లిపాదీ వాడే ఫోన్‌లో మెయిల్ చూసుకున్నవాళ్లు లాగౌట్ నొక్కకుండా లేచి వెళ్లిపోతారు. బ్రౌజర్ మూస్తే నేను పోతాననుకుంటారు. గడువు రాయని కుకీలు అలా పోవాల్సిందే. కానీ పాత ట్యాబులను తిరిగి తెరిచే సెట్టింగు ఉంటే వాటినీ బ్రౌజర్ బతికిస్తుంది. అయినా వాళ్లమీద నాకు కోపం లేదు. నా కోపమంతా లాగౌట్ నొక్కినా సర్వర్‌లో నా నమోదు రద్దుచేయని సైట్ల మీద. బ్రౌజర్‌లోంచి నన్ను చెరిపేస్తారు, అప్పటికే ఎవరైనా తీసుకున్న నా నకలు మాత్రం చెల్లుతూనే ఉంటుంది. పారేసినా చావలేని బతుకు నాది.

అయితే అన్నిచోట్లా నా ఆయుష్షు తగ్గిస్తే సరిపోతుందా? పోదు. గంటకోసారి పాస్‌వర్డ్ అడిగితే జనం సులువైనది పెట్టుకుంటారు, ఎవరడిగినా ఆలోచించకుండా కొట్టే అలవాటు పడతారు. నకిలీ పేజీలవాళ్లకు కావలసిందీ అదే. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ప్రతిసారీ ఓటీపీ కోసం ఎదురుచూడటం కూడా చిన్న కష్టం కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో అన్నిటికీ ఒకే గడువు పెట్టకపోవడం అందుకే సబబుగా తోస్తుంది: మామూలు భద్రత చాలిన చోట 30 రోజులకు, అంతకు పైస్థాయిలో 12 గంటలకు, లేదా 30 నిమిషాలు కదలిక లేకపోయినా సరే మళ్లీ లాగిన్ కావాలని అప్పట్లో చెప్పింది. 'మా దగ్గర డబ్బు లేదు కదా, ఏళ్లతరబడి ఉంచితే నష్టమేమిటి?' అనే సైట్లుంటాయి. మెయిల్‌లోనూ డబ్బుండదు, కానీ మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చుకునే లింకులన్నీ వచ్చేది అక్కడికే. అంతులేని గడువును బ్రౌజర్లే ఒప్పుకోవడం లేదు: 2022 నుంచి క్రోమ్ ఏ కుకీనీ 400 రోజులకు మించి ఉంచదు.

కాబట్టి సైట్లు నడిపేవాళ్లారా, ఊరికే చదువుకునే చోట నన్ను నెలరోజులు ఉంచండి. డబ్బు పంపేటప్పుడు, పాస్‌వర్డో ఫోన్ నంబరో మార్చేటప్పుడు మాత్రం నన్ను నమ్మకండి, మనిషినే మళ్లీ అడగండి. ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో నేనింకా బతికున్నానో జాబితా చూపించి, ఎక్కడినుంచైనా రద్దుచేసే వీలు సభ్యులకే ఇవ్వండి. 2018లో నాలాంటి లాగిన్ టోకెన్లు చోరీ అయినప్పుడు ఫేస్‌బుక్ దాదాపు 9 కోట్లమందిని ఒక్కసారిగా లాగౌట్ చేయగలిగింది. నెట్ సెంటర్‌లో నన్ను మరిచిపోయి ఇంటికెళ్లిన విద్యార్థికీ తన ఒక్క ఖాతా మీద ఆ అధికారం ఉండాలి.