రెండు కొసల్లోనూ రేడియోనే

వాంకూవర్‌లో రేడియో మాటను అందుకుని మళ్లీ ప్రసారం చేసే ఒక రిపీటర్ పక్కన రాత్రీపగలూ మేలుకునే కంప్యూటర్ పెట్టె ఒకటి తన కథ తానే చెప్పుకుంటోంది. ఈ పెట్టె వంశం మొదలైంది 1997 నవంబర్‌లో. ఆ ఊరి హామ్ (అమెచ్యూర్ రేడియో అభిమాని) డేవ్ కామెరాన్ పసిఫిక్ ఒడ్డునున్న వాంకూవర్‌ను కెనడా తూర్పు తీరంలోని సెయింట్ జాన్‌తో ఇంటర్నెట్ మీదుగా కలిపారు. తొలినాటి విండోస్ యంత్రాలు ఊరికే ఆగిపోయేవి. మరుసటి ఏడాది అంతా లైనక్స్‌లోకి మార్చాకే ఈ ఐఆర్‌ఎల్‌పీ (ఇంటర్నెట్ రేడియో లింకింగ్ ప్రాజెక్ట్) నిలదొక్కుకుంది. ఈ పెట్టెది ఆ లైనక్స్ తరం.

హామ్ చేతిలోని రెండు మీటర్ల బ్యాండ్ సెట్ కేక కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. రిపీటర్ అందుకున్నా చుట్టుపక్కల ఊళ్ల దాకానే. అదే హామ్ సెట్ మీది మీటలతో అవతలి నోడు, అంటే ఇలాంటి మరో పెట్టె, నంబరు నొక్కితే, ఈ పెట్టె ఆ మీటల స్వరాలను గుర్తుపట్టి, ఎక్కడో ఆస్ట్రేలియాలో ఉన్న తోటి పెట్టెను తట్టి లేపుతుంది. ఇక్కడి గొంతు ప్యాకెట్లుగా సముద్రం దాటి, అక్కడి యాంటెన్నా నుంచి మళ్లీ తరంగమై వెలువడుతుంది.

దీనికో మర్యాద ఉంది. మైకు మీట నొక్కి క్షణం ఆగాకే నోరు విప్పాలి. లేదంటే అవతలి రిపీటర్ మేలుకునేలోపు తొలి మాటలు దారిలోనే రాలిపోతాయి. ఒకరు ముగించగానే మరొకరు అందుకోకూడదు. ఆ కాస్త ఖాళీలోనే అత్యవసరం ఉన్నవారు తమ కాల్‌సైన్ చెప్పగలరు. లైసెన్సు కొత్తగా వచ్చిన పిల్లలకు పెద్ద హామ్‌లు ఈ సంగతి ఓపికగా నేర్పుతుంటే వినడం ఈ పెట్టెకు ఎంతో ఇష్టం.

నడుమ ఇంటర్నెట్ ఉంటే రేడియో ఎలా అవుతుందని అడిగిన హామ్‌లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఐఆర్‌ఎల్‌పీలో మాట రేడియో ద్వారానే లోపలికి రావాలన్న నియమం పెట్టారు. 2002లో జొనాథన్ టేలర్ తెచ్చిన ఎకోలింక్ ఆ తలుపు ఇంకాస్త తెరిచింది: లైసెన్సు రుజువు చూపిన హామ్ కంప్యూటర్ ముందు కూర్చునే మాట్లాడొచ్చు. అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నా కట్టుకునే వీల్లేనివారికి అది పెద్ద ఊరట.

హరికేన్ల కాలంలో ఈ రెండూ ఒకటవుతాయి. ఎన్నో నోడ్లను ఒకేసారి కలిపే ఐఆర్‌ఎల్‌పీ 9219 రిఫ్లెక్టర్ మీదా, ఎకోలింక్‌లోని డబ్ల్యూఎక్స్ టాక్ వేదిక మీదా హామ్‌లు చేరతారు. కరీబియన్ దీవుల నుంచి గాలి వేగం, వాయుపీడనం వివరాలు వస్తే, మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్‌లో వలంటీర్లు నడిపే డబ్ల్యూఎక్స్4ఎన్‌హెచ్‌సీ స్టేషన్ వాటిని వాతావరణ నిపుణులకు అందిస్తుంది.

ఇంటర్నెట్ తెగితే మాత్రం ఈ పెట్టె పలుకు అవతలి దేశానికి చేరదు. అప్పుడు దారి షార్ట్‌వేవే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్, దూరదేశాల హామ్‌లతో మాట్లాడటం ఆపేసి, అదే సెట్‌తో అండమాన్ దీవుల సమాచారం ప్రధాన భూభాగానికి పంపారు.