వాడని కోర్‌కూ తీరువ

వాటాల లెక్క నల్లగొండ, పాలమూరు వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. కృష్ణలో ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు, అందులో తెలంగాణకు తాత్కాలికంగా 299 అని టీకొట్టు దగ్గర కూడా అప్పజెబుతారు. అందుకే సర్వర్ లైసెన్సుల సంగతి హైదరాబాదు ఆఫీసులోకన్నా మిర్యాలగూడలో మా చిన్నాయనకు తొందరగా ఎక్కింది.

ఆయనది సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం. "ఇంతకూ నీ కొలువేందిరా?" అన్నాడు.

"పెద్ద యంత్రంలో 24 కోర్లుంటయ్ చిన్నాయనా. దాన్ని భాగాలు చేసి ఒక్కోదాన్ని వేరే సర్వర్ లెక్క నడుపుతం. ఐబీఎం పవర్ యంత్రాల్ల ఆ భాగాన్ని ఎల్‌పార్ అంటరు. కోర్‌ల పదో వంతు కూడా రాసియ్యొచ్చు. క్యాప్ పెడితే వాటా దాటదు, పెట్టకుంటే పక్కోడు వాడని సత్తువ గూడ గుంజుకుంటది."

"అంటే లస్కర్ పని," అని తేల్చేశాడు. ఇంజనీరింగ్ పట్టా, సర్టిఫికెట్లు అన్నీ కలిపి తూము దగ్గర నిలబెట్టాడు.

ఆఫీసులో పక్క సీటు పాలమూరు మిత్రుడిది ఇంకో బాధ. 24 కోర్ల మీద 60 వర్చువల్ కోర్లు పంచి, అందరూ ఒక్కసారే పనికి దిగితే యంత్రం నత్తనడకే. "కాయితం మీది వాటాతోటి దూప తీరుతదా?" అంటాడు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చూసినవాడు, అనుభవం మీద అన్నమాట.

అసలు కథ లైసెన్సులది. క్యాప్ ఉన్న ఎల్‌పార్‌లో ఒరాకిల్ డేటాబేస్ నడిపితే ఆ కంపెనీ ఆ వాటాకే లెక్క కడుతుంది. వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిన గోడల్ని మాత్రం ఒప్పుకోదు. రెండు కోర్లే వాడినా కింద ఉన్న 24కూ లెక్కే. పైగా ఇంటెల్ కోర్ అయితే అర లైసెన్సు, పవర్ కోర్ అయితే పూర్తి ఒకటి. 2016 వెర్షన్ నుంచి విండోస్ సర్వర్‌దీ కోర్ల లెక్కే. యంత్రంలో ఎనిమిదే ఉన్నా కనీసం 16 కోర్లకు కొనాలి.

ఇది విని చిన్నాయన లేచి నిలబడ్డాడు. "నాకు పారింది రెండెకరాలు. తీరువ ఆయకట్టు మొత్తానికి కట్టాల్నా? గీ కంపెనోళ్ళు మా కాలువకు రాలే, నయం!"

నల్లగొండ, దివిటిపల్లి ఐటీ టవర్లలో కొత్తగా చేరే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! యంత్రం కొనేముందు లైసెన్సు కాగితం చదవండి. డేటాబేస్‌ను తక్కువ కోర్లు, ఎక్కువ వేగం ఉన్న చిన్న యంత్రంలో విడిగా పెట్టండి. యంత్రం ధర ఒక్కసారి కడతారు, లైసెన్సు మద్దతు రుసుము ఏటా కడతారు.