ఓడినట్టు ఒక సర్టిఫికెట్

నోటరీ లైసెన్సుకో, ప్రభుత్వ ప్లీడరు పోస్టుకో తప్ప సచివాలయంలో న్యాయశాఖ గడప తొక్కేవాళ్లు తక్కువ. న్యాయం కావాలని అక్కడికి వెళ్లినవాణ్ణి నేనైతే చూడలేదు. వెళ్లినా లాభం లేదు, ఆ శాఖ ఉన్నది మనకోసం కాదు, ప్రభుత్వం కోసం. బిల్లులు రాయడం, మిగతా శాఖలకు సలహా చెప్పడం, సర్కారు తరఫున వాదించే వకీళ్లను పెట్టడం, కోర్టులకు పోస్టులూ భవనాలూ మంజూరు చేయించడం దాని పని. కార్యదర్శి కుర్చీలో సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి డిప్యుటేషన్‌పై కూర్చుంటారు. నిన్నటిదాకా 'కౌంటరు ఎందుకు వేయలేదు?' అని బెంచీ మీంచి గద్దించినాయనే, ఇవాళ కౌంటరు వేయని శాఖలకు సలహాదారు.

సలహా అడగడానికీ ఒక వరస ఉంది. ముందు నిర్ణయం, తర్వాత ప్రెస్‌మీట్, ఆ తర్వాత న్యాయ సలహా. 'చెయ్యొచ్చా?' అని ఎవరూ అడగరు. 'చేసేశాం, ఏ సెక్షన్ కిందో మీరే చూడండి' అంటారు.

అడ్వొకేట్ జనరల్‌ది రాజ్యాంగ పదవి. 165వ అధికరణం ప్రకారం గవర్నరుగారికి ఇష్టమున్నంతకాలం ఉంటారు. ఆ ఇష్టం సరిగ్గా ఓట్ల లెక్కింపు రోజునే తీరిపోవడం కేవలం కాకతాళీయం! ఆయన కింది ప్రభుత్వ ప్లీడర్ల (జీపీల) నియామకాలు పారదర్శకంగా జరగాలని పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. జరుగుతున్నాయి కూడా. ఎవరు ఏ నాయకుడి సిఫార్సుతో వచ్చారో బార్ అసోసియేషన్‌లో అందరికీ తెలుసు, ఇంతకన్నా పారదర్శకత ఏముంటుంది?

ఇక అసలు సంగతికొద్దాం. ఒక రిటైర్డ్ టీచరుగారు ఇంక్రిమెంటు కోసం హైకోర్టుకెళ్లి గెలిచారనుకుందాం. తీర్పు కాపీ జీపీ ఆఫీసు నుంచి విద్యాశాఖకు వస్తుంది. విద్యాశాఖ పేరాలవారీ రిమార్కులు పంపమని డీఈవోకు రాస్తుంది, డీఈవో ఎంఈవోకు రాస్తారు. 'సదరు ఫైలు గత అధికారి అప్పగించిన జాబితాలో లేదు' అని ఎంఈవో తిరుగుటపాలో విన్నవిస్తారు. కాగితం మళ్లీ మెట్లెక్కి, ఆర్థికశాఖలో కాస్త సేదతీరి, న్యాయశాఖకు చేరుతుంది. సెక్షన్ ఆఫీసరు నోటు పెడతారు. పైవారు 'చర్చించండి' అంటారు. చర్చించాక అందరి సంతకాలతో తేలేది ఒకటే: అప్పీలుకు వెళ్లవచ్చు.

కేసులో పస లేదని వాళ్లకు తెలియక కాదు. 'వద్దు, డబ్బు ఇచ్చేయండి' అని రాసిన అధికారిని రేపు విజిలెన్స్‌వాళ్లు 'నీకెంత ముట్టింది?' అని అడుగుతారు. 'వెళ్లండి' అని రాసినవాణ్ణి అడిగే నాథుడు లేడు. కోర్టు ఖర్చు ఖజానాది, పెన్షన్ టీచరుగారిది, కలం మాత్రం తనది.

ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది. దానికీ మందుంది. 'పరిపాలనాపరమైన కారణాల వల్ల జాప్యం జరిగింది, మన్నించగలరు' అని ఒక పిటిషన్. ఇలాగే 663 రోజులు ఆలస్యంగా వచ్చిన మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి 2020 అక్టోబరులో భేరూలాల్ కేసులో సుప్రీంకోర్టు తలంటింది. ఇలాంటివాటికి 'సర్టిఫికెట్ కేసులు' అని పేరు కూడా పెట్టింది. అప్పీలు కొట్టేశారన్న కాగితం చేతికొస్తే చాలు, 'మేం చేయాల్సిందంతా చేశాం' అని ఫైలు మూసేయొచ్చు, జాప్యం చేసినవాళ్లూ క్షేమం. అందుకే రూ.25 వేల ఖర్చులు విధించి, బాధ్యులైన అధికారుల నుంచే రాబట్టమంది. అది మధ్యప్రదేశ్ సంగతి కదా అని మనవాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

అసలు ఇంతదాకా రాకుండా ఆపే ఏర్పాటూ చట్టంలో ఉంది. ప్రభుత్వంపై దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసివ్వాలి. కోర్టుదాకా పోకుండా సర్కారు తన తప్పు దిద్దుకోవడానికి చట్టం పెట్టిన గడువది. నోటీసుకు జవాబివ్వడానికి ప్రతి శాఖలో ఒక అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2005లో ఆదేశించింది కూడా. కాబట్టి మీరు నోటీసు పంపితే రిజిస్ట్రేషన్ చేయించి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు పారేయకండి. జవాబు రాకపోయినా, రేపు కోర్టులో మీకు పనికొచ్చేది ఆ రసీదే.