అంగుళం తగ్గితేనే ఆయుధం

2004లో అమెరికా ప్రభుత్వం ఒక బూటు లేసును మెషిన్‌గన్ అని తేల్చింది. 14 అంగుళాల లేసు, రెండు కొసలకూ ఉచ్చులు. తుపాకి పేలినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే దాని పిడికి ఒక కొస తగిలించి, ట్రిగ్గర్ వెనక నుంచి తిప్పి రెండో కొసను వేలితో లాగిపట్టుకుంటే, పట్టుకున్నంతసేపూ గుళ్లు కురుస్తాయి. ఎవరో పుణ్యాత్ముడు ఇది తప్పా అని ఉత్తరం రాసి అడిగాడు. తప్పేనని జవాబొచ్చింది. 2007లో అదే కార్యాలయం తీరిగ్గా ఆలోచించి సవరణ పంపింది: ఒట్టి లేసు లేసే, తుపాకికి కట్టినప్పుడే అది మెషిన్‌గన్. మధ్యలో ఆ మూడేళ్లూ బూట్లు తొడుక్కుని వీధిలోకి వచ్చినవాళ్ల గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఆ కార్యాలయం పేరు ఏటీఎఫ్. మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాలు అన్నీ ఒకే శాఖ కింద. మన ఎక్సైజ్ వాళ్లకు ఇంత అదృష్టం ఎన్నడూ పట్టలేదు. వాళ్లు అమలు చేసే చట్టం 1934 నాటిది. మెషిన్‌గన్, సైలెన్సర్, గొట్టం పొట్టిదైన రైఫిల్, గొట్టం పొట్టిదైన షాట్‌గన్, ఇంకా ఇలాంటి కొన్నింటికి రిజిస్ట్రేషన్ చేయించాలి, 200 డాలర్ల పన్ను కట్టాలి అని అందులో రాశారు. అప్పట్లో ఆ డబ్బుతో దాదాపు ఒక టామీ గన్ అనే మెషిన్‌గన్నే వచ్చేది. ఇప్పుడు లెక్క ఇది: రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు తగ్గకూడదు, షాట్‌గన్ గొట్టం 18కి తగ్గకూడదు, మొత్తం పొడవు 26కి తగ్గకూడదు. రిజిస్ట్రేషన్ లేకుండా తగ్గిందో, పదేళ్ల దాకా జైలు.

పొట్టి రైఫిల్ మీద ఎందుకింత కోపం? అసలు బిల్లులో పిస్తోళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. జేబులో పట్టే ఆయుధాన్ని కట్టడి చేద్దామన్నదే ఉద్దేశం. పిస్తోలు మీద పన్నేస్తే జనం రైఫిల్‌ను రంపంతో కోసి పిస్తోలు చేసుకుంటారు కదా, అందుకని రైఫిల్‌కూ ఓ కొలత పెట్టారు. ఆ తర్వాత నేషనల్ రైఫిల్ అసోసియేషన్ లాంటి వాళ్ల ఒత్తిడికి పిస్తోళ్లను బిల్లులోంచి తీసేశారు. కొలత మాత్రం అలాగే మిగిలిపోయింది. దొంగను వదిలేసి, వాడు దూకుతాడనుకున్న గోడకు కాపలా పెట్టారన్నమాట. ఇవాళ ఆ దేశంలో జరిగే తుపాకి హత్యల్లో, ఏ తుపాకో తెలిసినంత వరకూ, సింహభాగం చేతి తుపాకులదే. గ్యాస్ స్టేషన్ కౌంటరు వెనక రాత్రి డ్యూటీ చేసే మన తెలుగు కుర్రాడి ముఖం మీదికి వచ్చేదీ సాధారణంగా అదే. దాని గొట్టానికి కనీస పొడవంటూ ఏదీ లేదు.

ఇక తుపాకి కంపెనీల ప్రతిభ చూద్దాం. హిరణ్యకశిపుడు వరం అడిగినప్పుడు పగలూ రాత్రీ, ఇంటా బయటా, మనిషీ మృగమూ అని జాగ్రత్తగా పద్దు రాయించుకున్నాడు. పద్దులో లేనిది స్తంభంలోంచి వచ్చింది. మాస్‌బర్గ్ కంపెనీ వాళ్లు భాగవతం చదివారో లేదో తెలీదు గాని, 2017లో షాక్‌వేవ్ అని ఒకటి విడుదల చేశారు. గొట్టం 14 అంగుళాలు, వేసేది మామూలు 12 గేజ్ తూటా. మరి షాట్‌గనేనా? కాదు. చట్టం ప్రకారం షాట్‌గన్ అంటే భుజానికి ఆనించి కాల్చేది. దీనికి బట్ లేదు, పుట్టినప్పటి నుంచీ లేదు, పక్షి తలలా వంగిన పిడి ఒక్కటే ఉంది. పోనీ పిస్తోలా? ఒంటి చేత్తో పేల్చేది కాదు గనక అదీ కాదు. దాచిపెట్టుకునే మారణాయుధమా? మొత్తం పొడవు 26.37 అంగుళాలు కాబట్టి ఆ పద్దులోకీ రాదు. మరేమిటి? ఒట్టి "తుపాకి", అంతే.

మీ ఇంట్లో ఉన్న మామూలు షాట్‌గన్‌ను మీరే కోసి, అచ్చం అదే పొడవుకు తెచ్చి అదే పిడి బిగించారనుకోండి. నేరుగా జైలుకే. రెండింటినీ పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. తేడా పుట్టుకలో ఉంది. ఒకటి ఒకప్పుడు భుజం ఎక్కింది, రెండోది ఎన్నడూ ఎక్కలేదు. మన పెళ్లిళ్ల పేరయ్యలు కూడా ఇంత లోతుగా జాతకం చూడరు.

అయితే నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఈ పరిశ్రమకు వికలాంగుల మీద ఉన్న ప్రేమ. చేతిలో పట్టు తక్కువైన మాజీ సైనికుడు బరువైన పిస్తోలును ముంజేతికి పట్టీతో బిగించుకుని కాల్చుకోవడానికని బ్రేస్ అనేదాన్ని తయారు చేశారు. 2012లో ఏటీఎఫ్ సరేనంది. తీరా చూస్తే ఆ బ్రేస్ ఆకారం భుజానికి అతికినట్టు కుదిరింది. ఎంత యాదృచ్ఛికం! పొట్టి ఏఆర్-15 తుపాకికి దాన్ని బిగిస్తే చట్టం దృష్టిలో అది పిస్తోలే, పన్నూ లేదు, పద్దూ లేదు. 2015లో ఏటీఎఫ్‌కు మెలకువొచ్చింది: ముంజేతికి కడితే పిస్తోలు, భుజానికి ఆనిస్తే పొట్టి రైఫిల్ అంది. అంటే జబ్బ మీదికి జరిగిన క్షణంలో పౌరుడు నేరస్థుడైపోతాడు, కిందికి దించగానే మళ్లీ పౌరుడు. 2017లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2023లో మళ్లీ నిషేధం లాంటి నిబంధన తెచ్చింది. 2024లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి ఏటీఎఫ్ లెక్కలోనే 30 లక్షల బ్రేసులు జనం చేతుల్లో ఉన్నాయి. ఇంతమంది ముంజేతులకు ఏమైందో ఏ డాక్టరూ అడగలేదు.

బంప్ స్టాక్ కథా ఇంతే. వేళ్లు సరిగ్గా కదలనివాళ్లకు సాయంగా ఉంటుందని చెబితే 2010లో ఏటీఎఫ్ అనుమతిచ్చింది. తుపాకి వెనక్కి తన్నే ఊపునే వాడుకుని, కదలని వేలికి ట్రిగ్గరే వచ్చి మళ్లీ మళ్లీ కొట్టుకుంటుంది. 2017 అక్టోబరు 1 రాత్రి లాస్ వేగాస్‌లో ఒకడు హోటల్ కిటికీలోంచి, కింద సంగీతం వింటున్న జనం మీద సుమారు పది నిమిషాల్లో వెయ్యికి పైగా గుళ్లు కురిపించాడు. 60 మంది పోయారు. వాడి వేళ్లలో ఏ లోపమూ లేదు. ట్రంప్ హయాంలోనే బంప్ స్టాక్‌ను మెషిన్‌గన్ కింద లెక్కగట్టి నిషేధించారు. 2024 జూన్‌లో సుప్రీం కోర్టు, ఆరుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపు, ఆ నిషేధం చెల్లదంది. జస్టిస్ థామస్ తీర్పులో ట్రిగ్గర్ లోపలి భాగాలకు బొమ్మలు పెట్టి మరీ వివరించారు: గుండు గుండుకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోంది, కాబట్టి ఇది మెషిన్‌గన్ కాదు. చట్టంలో రాసిన మాట అదేనని అంటే ఒప్పుకోవాల్సిందే. ఆ మాట మార్చాల్సింది కాంగ్రెస్. కాంగ్రెస్ మార్చలేదు.

ఇంకా చెప్పాలంటే ఫిరంగి ఉంది. ముందు నుంచి మందు దట్టించే పాతకాలపు ఫిరంగి, దాని నకలు కూడా, చట్టం దృష్టిలో పురావస్తువు. చేత్తో తిప్పే గాట్లింగ్ గన్ మెషిన్‌గన్ కాదు, దానికే మోటారు బిగిస్తే మెషిన్‌గన్. నిప్పులు కక్కే ఫ్లేమ్‌త్రోవర్ అసలు తుపాకే కాదు గనక ఫెడరల్ తుపాకి చట్టాలు దాని జోలికే పోవు. 2018లో ఎలాన్ మస్క్ 500 డాలర్ల చొప్పున 20 వేలు అమ్మి, దానికి "నాట్ ఎ ఫ్లేమ్‌త్రోవర్" అని పేరు పెట్టాడు. కనీసం ఆయన నవ్వుతూ చేశాడు.

ఇదంతా ఎత్తిచూపితే తుపాకి ప్రియులు విజయగర్వంతో అంటారు: "చూశారా, చట్టం ఎంత తెలివితక్కువదో! అందుకే ఎత్తేయాలి." చట్టం తెలివితక్కువదే, సందేహం లేదు. మరి దాని మెదడు కోసిందెవరు? పిస్తోళ్లను తీయించినవాళ్లే మిగిలినదానికి అర్థం లేదంటున్నారు. కన్నాలన్నీ వాడుకుని లాభం పోగేసుకున్నవాళ్లే గోడ నిండా కన్నాలున్నాయని కోర్టులో ఫిర్యాదు చేస్తున్నారు.

ఆ ఫిర్యాదుకు ఇప్పుడు బలం కూడా వచ్చింది. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంతో సైలెన్సర్ల మీద, పొట్టి రైఫిళ్ల మీద, పొట్టి షాట్‌గన్ల మీద 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. 1937లో సుప్రీం కోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టిందే ఇది పన్ను చట్టమని. పన్నే లేనప్పుడు పద్దు దేనికని వెంటనే కోర్టులకెక్కారు. గెలవొచ్చు కూడా. కాని గెలిచిన మర్నాడు షాక్‌వేవ్ ఎవరు కొంటారన్నది ఎవరైనా ఆలోచించారో లేదో. 12 గేజ్ తూటాను బట్ లేకుండా పేలిస్తే ఆ దెబ్బంతా మణికట్టు మీదే పడుతుంది, గురి కుదరడం కష్టం. చట్టానికి భయపడి కాకపోతే, భుజానికి ఆనే పొట్టి షాట్‌గన్ పక్కనే దొరుకుతున్నప్పుడు దాన్ని కావాలని కొనుక్కునే మనిషి పుట్టాలి.