ఆకుపచ్చకు మార్కులు

పిల్లల ఏడుపు వెనక ఏముందో నాకు తెలుసనుకున్నాను. హైస్కూల్లో లెక్కల టీచర్ని. గోలగోలగా ఉన్న క్లాసు నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, సద్దుమణిగేది. ఆ ధీమాతోనే సొంత కూతురి విషయంలో తప్పు చేశాను. ఒకటి కాదు, రెండు. మొదటిది తెలియక చేసింది. రెండోది తెలిశాక చేసింది. నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెట్టేది ఆ రెండోదే.

తలంటు పోస్తుంటే మా పాప వీధి చివరిదాకా వినిపించేలా కేకలు పెట్టేది. పండక్కి పట్టులంగా కడితే జరీ గుచ్చుకుంటోందని క్షణంలో విప్పేసేది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరేది. అదే పిల్ల సోఫా మీంచి అలుపు లేకుండా దూకేది. గౌను కాలరు తడిసి ముద్దయ్యేదాకా నమిలేది. మా ఆడపడుచు పెళ్లిలో తాళి కట్టే వేళ గట్టిమేళం మోగగానే బిగుసుకుపోయి, పట్టుకోబోయిన నా చెయ్యి కొరికింది. అందరూ చూస్తున్నారు. ‘గారాబం ఎక్కువైంది’ అన్నారెవరో. పిల్లను మండపం వెనక్కి లాక్కెళ్లి కొట్టాను. ‘ఎందుకిలా చేస్తున్నావో చెప్పు’ అని అరిచాను. ఏం చెబుతుంది? ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే మాటలు ఆ వయసు పిల్ల దగ్గర లేవు. అవి నేర్పాల్సినదాన్ని నేనే. నేర్పకుండానే అప్పజెప్పమన్నాను.

ఇంటికొచ్చాక మా అత్తగారు దిష్టి తీశారు. పిల్లకేదో బాధ ఉందని ఆవిడైనా నమ్మారు. నేను అదీ నమ్మలేదు.

పిల్లల డాక్టరు ఆక్యుపేషనల్ థెరపీకి రాసిచ్చినప్పుడు కూడా నా బుద్ధి మారలేదు. దాన్ని ట్యూషన్ కింద జమకట్టాను. పాపను లోపలికి పంపి, బయట కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుకునేదాన్ని. తలుపు సందులోంచి చూస్తే ఊయల ఊగుతూ కనిపించేది. ఊగడానికి ఫీజేమిటని మావారితో విసుక్కున్నాను. ఎన్నాళ్లకు నయమవుతుందని థెరపిస్టును నిలదీశాను. ఆ అమ్మాయి దానికి జవాబు చెప్పలేదు. ‘ఇకనుంచి మీరూ లోపలికి రండి మేడమ్’ అంది.

వెళ్లాను. పాపను ఊయలలో బోర్లా పడుకోబెట్టి ఒకే వేగంతో ఊపింది. బియ్యం పోసి కుట్టిన బరువు సంచిని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు మోయించింది. రెండు చేతులతో గోడను తోయించింది. ట్రాంపొలిన్ మీద గెంతించి, దించి, పాప చేతిని పాప గుండె మీదే పెట్టింది.

‘ఎలా కొట్టుకుంటోంది కన్నా? గబగబానా, నెమ్మదిగానా?’

‘గబగబా.’

‘ఇంకెప్పుడు ఇలా కొట్టుకుంటుంది?’

పాప చాలాసేపు ఆలోచించింది. ‘బాజాలప్పుడు. కడుపులో కూడా మిక్సీ తిరుగుతుంది’ అంది.

మండపం వెనక నేను కొట్టి అడిగిన ప్రశ్నకు జవాబు అది. ఆ అమ్మాయి గుండె మీద చెయ్యి పెట్టించి అడిగితే వచ్చింది.

ఇంద్రియాలు అయిదని పిల్లలకు పాఠం చెబుతాం. కానీ ఒంటికి కబుర్లు తెచ్చేవి ఆ అయిదే కావు. తల కదలికను, ఒంటి సమతూకాన్ని లోపలి చెవి పసిగడుతుంది. చేతులూ కాళ్లూ ఎక్కడున్నాయో, ఎంత బలం వాడుతున్నామో కండరాలు, కీళ్లు తెలుపుతాయి. ఆకలి, దాహం, గుండెదడ వంటి లోపలి కబుర్లు వేరే. వీటన్నిటినీ మెదడు ఎలా జోడించుకుంటుందో వివరిస్తూ, కాలిఫోర్నియాలో పనిచేసిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏర్స్ 1972లో పుస్తకం రాసింది. కొందరు పిల్లల్లో ఆ జోడింపు సాఫీగా సాగదన్నది ఆమె వాదన. మనం పట్టించుకోని శబ్దం వాళ్లకు ప్రమాదంగా తోస్తుంది. శరీరం పారిపోవడానికో తిరగబడడానికో సిద్ధమైపోతుంది. ఆ సమయంలో చెప్పే బుద్ధులు తలకెక్కవు. ముందు ఒళ్లు కుదుటపడాలి, మాటలు ఆ తర్వాత.

అందుకు సామానేమీ కొననక్కర్లేదంది థెరపిస్టు. చపాతీ పిండి పిసకడం, జంతికల గొట్టం నొక్కడం, తడిబట్టలు పిండడం, చిక్కటి లస్సీ స్ట్రాతో పీల్చడం వంటివి చాలామంది పిల్లలకు నెమ్మదినిస్తాయట. తలంటుకు ముందు తల మీద అరచేతులతో కాసేపు అదమమంది. పట్టులంగా లోపల మెత్తటి నూలు బట్ట వేయమంది. మిక్సీ స్విచ్చి పాప చేతే వేయించమంది. స్విచ్చి తన చేతిలో ఉన్నప్పుడు పాప మంచం కిందికి పోలేదు.

ఆ తర్వాత రంగులు వచ్చాయి. లియా కైపర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు 2011లో పుస్తకంగా తెచ్చిన ‘జోన్స్ ఆఫ్ రెగ్యులేషన్’ పద్ధతి అది. దిగులు, నీరసం, నలత ఉంటే నీలం. నిమ్మళంగా ఉంటే ఆకుపచ్చ. కంగారు, చిరాకు, ఉబలాటం ఉంటే పసుపు. పట్టరాని కోపం, భయం, సంతోషం ఎరుపు. ఇందులో ఏ రంగూ తప్పు కాదు. తానిప్పుడు ఎక్కడున్నదీ గుర్తుపట్టడం, దానికి తగ్గ ఉపాయం ఎంచుకోవడమే పిల్లలు నేర్చుకోవాల్సింది. థెరపిస్టు ఇదంతా విడమరిచి చెప్పింది. నేను తలూపాను.

తలూపి ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద చార్టు అతికించాను. ఆకుపచ్చలో ఉన్న రోజుకు ఒక స్టార్. ‘ఎరుపులోకి వెళ్లావంటే పార్కు లేదు.’ ‘ముందు ఆకుపచ్చకు రా, తర్వాత మాట్లాడదాం.’ ‘అరిచావుగా, వెళ్లి గోడ తొయ్యి.’ ఉపశమనం కోసం ఇచ్చిన పనిని శిక్షగా మార్చాను. ఒంటి కబురు తెలుసుకోవడానికి ఇచ్చిన రంగును పరీక్ష చేశాను.

నాకు ఏ జవాబు కావాలో పాప త్వరగానే పట్టేసింది. ఎలా ఉన్నావంటే ‘ఆకుపచ్చమ్మా’ అనేది. పిడికిళ్లు బిగించి ఉన్నా, కాలరు నోట్లో ఉన్నా అదే మాట. చార్టంతా స్టార్లతో నిండింది. వచ్చిన చుట్టాలందరికీ చూపించి మురిసిపోయాను.

ఒక సాయంత్రం థెరపిస్టు నన్ను పక్కకు పిలిచింది. ‘పాప ఈమధ్య ఏమడిగినా ఆకుపచ్చే అంటోంది. ఇందాక పడి మోకాలు దోక్కుపోయింది, కళ్లలో నీళ్లున్నాయి, అప్పుడూ ఆకుపచ్చే అంది. ఇంట్లో రంగులకు మార్కులు వేస్తున్నారా మేడమ్?’

తలెత్తలేకపోయాను. బాధకు పేరు పెట్టుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు, ఆ పేరుతోనే అబద్ధమాడడం నేర్పాను. కొట్టిన రోజున కనీసం గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు నా మెప్పు కోసం ఆ ఏడుపునూ దాచుకుంది.

చార్టు తీసేశాను. పాపను రంగు అడగడం మానేసి, నా రంగు చెప్పడం మొదలుపెట్టాను. ‘అమ్మ పసుపులో ఉందిరా నాన్నా, డాబా మీద కాసేపు నడిచొస్తాను’ అనడానికి మొదట్లో నోరు పెగల్లేదు. పెద్దవాళ్ల కోపానికి పిల్లలే కారణమనే ఇంట్లో పెరిగినదాన్ని. పాప మళ్లీ ‘ఎరుపు’ అనడానికి చాలాకాలం పట్టింది. అన్న రోజున నేను ఉపాయాలేవీ చెప్పలేదు. పక్కన కూర్చున్నాను. పట్టుకోమంటే గట్టిగా పట్టుకున్నాను.

థెరపీకి వెళ్లబోయే తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పాలనుంది. ఇంద్రియాలకు సంబంధించిన ఈ చికిత్సలకు పరిశోధనల దన్ను ఇంకా పరిమితమేనని, సమగ్ర చికిత్సలో ఒక భాగంగా వాడవచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో చెప్పింది. అందుకే అన్నీ నయం చేస్తామనే చోటు కన్నా, తిండి, స్నానం, బడి వంటి నిత్యకృత్యాల్లో ఏ మార్పు కోసం పనిచేస్తున్నారో చెప్పే చోటును ఎంచుకోండి, మీరూ లోపలికి వెళ్లండి. ఖర్చు భరించలేనివారికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు (డీఈఐసీలు) ఉన్నాయి.

నా క్లాసులోనూ కాళ్లు ఆగని పిల్లలు, పెన్ను మూత నమిలే పిల్లలు ఉన్నారు. ఒకప్పుడు వాళ్లను బెంచీ మీద నిలబెట్టేదాన్ని. ఇప్పుడు నోటుపుస్తకాల కట్ట స్టాఫ్‌రూమ్‌కు మోసుకెళ్లమంటాను. ‘నాకు ఈ లెక్కంటే భయం టీచర్’ అని ఎవరైనా అంటే, భయమెందుకని కసరకుండా కుర్చీ దగ్గరికి లాక్కుంటాను. పిల్లలు ఉన్నది ఉన్నట్టు చెప్పినప్పుడు మనం ఏం చేస్తామో చూసుకునే, ఇంకోసారి చెప్పాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు.