కంచం కింద కంప్యూటర్

మన ఇంజినీరు బాబుల కొత్త ముచ్చట కంచం కింద పెట్టి తిండి లెక్క చెప్పే యంత్రం. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఐదు కిలోల దాకా తూచే లోడ్ సెల్, హెచ్‌ఎక్స్ 711 బోర్డు, వైఫై ఉన్న ఈఎస్‌పీ 32, బొటనవేలంత ఓఎల్‌ఈడీ తెర కొనుక్కొస్తారు. ఓ ఆదివారమంతా సోల్డరింగ్ పొగ పీలుస్తారు. ఇక పోషకాహార శాస్త్రం ఇంటికి నడిచొచ్చినట్టే! అన్నం పెడితే తెర మీద 212 గ్రాములని పడుతుంది. భేష్. కూరగాయల బండి మీది తక్కెడా అదే చెబుతుంది, పాపం దానికి వైఫై లేదంతే.

హెచ్‌ఎక్స్ 711 అంటే లోడ్ సెల్ సంకేతాన్ని అంకెలుగా మార్చే 24 బిట్ల చిప్పు. కాగితం మీద బరువును కోటీ 67 లక్షల మెట్లుగా విడగొట్టగలదు. నెయ్యికీ చారుకీ తేడా మాత్రం చెప్పలేదు. వంద గ్రాముల నేతిలో దాదాపు 900 కేలరీలు, వంద గ్రాముల చారులో అందులో పిసరంత. లోడ్ సెల్‌కు రెండూ వందే. ఇంతటి సమదృష్టి వేదాంతులకైనా అబ్బదు.

మరి ఏం తిన్నామో దానికెలా తెలుస్తుంది? మనమే టైపు చెయ్యాలట! సరే, గుత్తివంకాయ కూర అని కొట్టండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాలున్నాయి. వంకాయ ఉంది, వేరుశనగ ఉంది, నువ్వులున్నాయి. మీ అమ్మగారు మూకుట్లో ఎంత నూనె వంచారో ఏ పట్టికలోనూ ఉండదు. గ్రాముకు తొమ్మిది కేలరీల ఆ నూనెలోనే ఉంది అసలు కిటుకంతా.

ఇక భోజనం మొదలయ్యాక చూడాలి తమాషా. 'ఇంకాస్త వేసుకోరా' అంటూ అమ్మ గరిటెడు పప్పు వడ్డిస్తుంది. 'ఆగమ్మా, తూకం సున్నాకి తేవాలి, టేర్ నొక్కాలి!' అని కేక. ఈలోగా ఆవకాయ పడింది, దాని మీద నెయ్యీ పడింది. అబ్బాయి ఎడమచెయ్యి కంచం అంచు మీద ఆనింది, పప్పు అరకిలోకి పెరిగింది. నమిలి పారేసిన మునక్కాడ పిప్పి కూడా ప్రొటీన్ ఖాతాలోనే జమ. రాత్రికి ఫోన్లో రంగురంగుల గ్రాఫు. దాన్ని చూసి మురిసిపోతూ నమలడానికి పక్కనే మిక్చర్ పొట్లం. దాన్నెవరూ తూచలేదు.

నిజంగా లెక్కే కావాలంటే కిరాణా చీటీ తియ్యండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె వాడితే, తలకు రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. దీనికి సోల్డరింగ్ అక్కర్లేదు, మూడో తరగతి భాగహారం చాలు. ఆ పైన ఒక్క వారం వంటింటి బాధ్యత మీరే తీసుకోండి బాబూ. నూనె ఎంత పోస్తున్నారో చెప్పే యంత్రం అప్పుడు అవసరమే ఉండదు, పోసేది మీరే కదా!